పెద్దవాడి క్లచ్, చిన్నవాడి పిన్ను

మా ఊళ్ళో మైకు నాది. తిరునాళ్లయినా, ఎడ్ల పందేలయినా, తప్పిపోయిన గేదె కోసం చాటింపయినా ఈ బసవయ్య గొంతే వినపడాలి. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీకీ సాయంత్రం ఇంకో పార్టీకీ చెప్తానని కొందరు ఆడిపోసుకుంటారు. గొంతు నాది, ఓటు నాది, మధ్యలో వాళ్ళకేం నొప్పో నాకు అర్థం కాదు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది మాత్రం ట్రాక్టర్ రివర్స్ పందెం. ట్రాక్టర్ ముందుకు తోలడం ఎవరికైనా వస్తుంది. వెనక ట్రక్కు తగిలించుకుని వెనక్కి తోలడంలోనే తంటా అంతా ఉంది. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రక్కు ఎడమకు పోతుంది. అయ్యో పోయిందే అని గాభరాపడి ఇంకాస్త తిప్పామా, ఇంజనూ ట్రక్కూ అలిగిన మొగుడూ పెళ్ళాల్లాగా చెరో వైపు తిరిగి నిలబడిపోతాయి. మిరపకాయలు ఎండబోసే కల్లంలో సున్నంతో వంకర దారి గీసి, రెండు పక్కలా ఖాళీ నూనె డబ్బాలు పేరుస్తాం. డబ్బాకు తగలకుండా, గీత దాటకుండా ట్రక్కును వెనక్కి తీసుకుపోయి చివర గీసిన గడిలో నిలబెట్టాలి. తక్కువ టైములో నిలబెట్టినవాడు గెలిచినట్టు. హైస్కూల్లో ఆటలు నేర్పే ఎలీషా సారు టైము చూస్తాడు. తోలేవాళ్ళ పరువు నేను మైకులో తీస్తాను.

మా అక్క ఆదిలక్ష్మమ్మ కొడుకులిద్దరూ ఈ పందెంలో పేరున్నవాళ్ళు. పెద్దవాడు ధనుంజయరావు, చిన్నవాడు కోటేశ్వరరావు. ఇద్దరికీ తోలడం నేర్పింది మా బావ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఆయన కొన్న బండే ఇప్పటికీ ఇద్దరికీ దిక్కు. నేర్పినవాడు ఒకడే, నేర్చుకున్న బండి ఒకటే. అయినా పెద్దవాడి తోలకం చూసి చిన్నవాడి తోలకం చూస్తే వీళ్ళు ఒక తల్లి పిల్లలంటే ఎవరూ నమ్మరు.

ధనుంజయ సీట్లో పక్కకు తిరిగి కూర్చుంటాడు. చేతి యాక్సిలేటర్ ఒకచోట పెట్టాడంటే ఇక దాని జోలికి పోడు, వేగమంతా ఎడమ కాలి కింద క్లచ్‌తోనే. ట్రక్కుకు పక్కకు పోవాలనే బుద్ధి పుట్టకముందే వాడు స్టీరింగ్ బెత్తెడు తిప్పి దాన్ని బుజ్జగిస్తాడు. చూసేవాళ్ళకు అక్కడేమీ జరుగుతున్నట్టే ఉండదు. "పెళ్ళికూతుర్ని పందిట్లోకి తెస్తన్నాడయ్యా, ఎవరూ దగ్గొద్దు" అని నేను మైకులో అంటాను. జనం నవ్వుతారు, వాడు మాత్రం తల తిప్పి చూడడు.

కోటేశుకు సీటుతో పనే లేదు. నిలబడి తోలతాడు. ట్రక్కును కావాలనే పక్కకు పోనిచ్చి, డబ్బాకు జానెడు దూరంలోకి వచ్చాక స్టీరింగ్ గిర్రున తిప్పి వెనక్కి లాక్కొస్తాడు. వాడి వంతు వచ్చిందంటే ముందు వరసలో ముసలాళ్ళు కుర్చీలు ఎత్తుకుని లేచిపోతారు. "ఇన్సూరెన్సు కట్టనివాళ్ళు ఎనక్కి జరగండి" అని నేను హెచ్చరిక చేస్తాను. వాడికి అది పొగడ్త కింద లెక్క.

బండి బిగింపులోనూ ఇదే వరస. ట్రక్కును ఇంజనుకు తగిలించే పిన్ను పెద్దవాడికి లావుగా, సందన్నది లేకుండా ఉండాలి. చిన్నవాడికి సన్న పిన్ను కావాలి, ట్రక్కు కాస్త ఆడాలి, వాడి విద్యంతా ఆ ఆటలోనే ఉంది మరి. పెద్దవాడికి పెడలు మీద కాలు పెట్టీ పెట్టగానే క్లచ్ వదిలేయాలి. చిన్నవాడు నిలబడి కాలు దాని మీదే ఆనించుకుంటాడు కాబట్టి పెడలు సగం దిగేదాకా క్లచ్ ఉలకకూడదు, పలకకూడదు.

ఒకడు బండి దిగగానే ఇంకొకడు పానా పట్టుకుని, తిట్టుకుంటూ, మొదట్నుంచీ బిగించుకునేవాడు.

"అది క్లచ్చా, కాలింగ్ బెల్లా? వేలు పెడితే మోగుద్ది" అనేవాడు కోటేశు.

"సన్న పిన్నేసి తోలతంటే ట్రక్కు తోలినట్టుండదురా, తాగినోణ్ణి ఇంటికి తీసకపోతన్నట్టుండిద్ది" అనేవాడు ధనుంజయ.

పందెంలో ఒక ఏడు వీడు గెలిచేవాడు, ఇంకో ఏడు వాడు గెలిచేవాడు. ఓడినవాడు మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. అది చేతి మహిమ కాదు, బిగింపు మహిమ అని.

ఈ ఏడు మిరప కోతలయ్యాక అన్నదమ్ములు వేరుపడ్డారు. తగువేం లేదు. పిల్లలు ఎదిగారు, ఇల్లు చాలలేదు, కోటేశు పక్క వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. మేనమామను కదా, పంపకాల్లో పెద్దమనిషిగా నేనే కూర్చున్నాను. మా వైపు పద్ధతి ఏమిటంటే పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. కోరుకునే వంతు తనకు రాదు కాబట్టి వాటాలు వేసేవాడు చచ్చినట్టు సమంగా వేస్తాడు. పొలం అలాగే తెగింది, గేదెలూ అలాగే తెగాయి. మా అక్క తనకు ఏ వాటా అక్కర్లేదంది. చివరికి వ్యవహారం బండి దగ్గరకొచ్చి ఆగిపోయింది.

"ఇంజను ఒక వాటా, ట్రక్కు ఒక వాటా వేద్దామా?" అన్నాను వేళాకోళానికి.

ఇద్దరూ నన్ను చూసిన చూపుకు మా అక్కే జాలిపడి, "నువ్వు మైకు ముందే బాగుంటావురా బసవయ్యా" అంది.

ఒకరు బండి తీసుకుని ఇంకొకరికి దానికి సరిపడా ఏదైనా ఇవ్వచ్చు, అందరూ చేసేది అదే. వీళ్ళు దానికి ఒప్పుకోలేదు. అది వాళ్ళ నాన్న బండి, ఆయన నడుము ఆనిన సీటు. కోటేశు ఆ మాట పైకే అన్నాడు. ధనుంజయ మాత్రం, నేను ఇంటికి బయల్దేరితే వీధి చివరిదాకా నా వెంట నడిచొచ్చాడు.

"నన్ను ఈ ఊళ్ళో ఏమని పిలుస్తారు మామా?"

"రివర్స్ ధనుంజయ అని."

"బండి పోతే ఏమని పిలుస్తారు?"

ఎకసెక్కం ఆడదామన్నా నోరు రాలేదు, అంత దిగులుగా ఉంది వాడి ముఖం. వెనక్కి తిరిగి పోతుంటే చూశాను, కాస్త ఎగుడుదిగుడుగా అడుగేస్తున్నాడు. చెప్పు తెగిందేమో అనుకున్నాను.

తగువు తీర్చింది మా అక్కే. తిరునాళ్ల దగ్గరపడిన రోజున ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టింది.

"వాడు గెలిస్తే బిగింపని వీడంటాడు, వీడు గెలిస్తే బిగింపని వాడంటాడు. ఇని ఇని నా చెవులు చిల్లులు పడినయ్. పెద్దోడు బిగిస్తే చిన్నోడు తోలండి, చిన్నోడు బిగిస్తే పెద్దోడు తోలండి. అప్పుడు చెయ్యెవరిదో తెలిసిద్ది. గెలిచినోడిది బండి."

"అక్కా, ఒకడికొకడు కావాలని చెడబిగిస్తే?" అన్నాను.

"ఊరంతా చూస్తానే ఉంటది గదా. చెడబిగించినోడెవడో కూడా తెలుసుకుందాం" అంది ఆమె, వక్క కొరుకుతూ. కొడుకులిద్దరూ నేల చూపులు చూశారు. కాదనే ధైర్యం ఒక్కడికీ లేదు.

తిరునాళ్ల నాడు అసలు పందెం ఎవరో మాచవరం కుర్రాడు గెలిచాడు. పాపం, వాడు కప్పు తీసుకుంటుంటే చప్పట్లు కొట్టినవాడు లేడు. జనమంతా మా వాళ్ళ కోసం కాచుకుని ఉన్నారు. కప్పులు ఇవ్వడం అయిపోయాక కూడా ఒక్క కుర్చీ ఖాళీ కాలేదు. ఎలీషా సారు పడిపోయిన డబ్బాలు నిలబెట్టి, చెరిగిన గీతలకు మళ్ళీ సున్నం పోయించాడు.

ముందు పెద్దవాడు బిగించాలి, చిన్నవాడు తోలాలి. కోటేశును అటు తిప్పి టెంటులో కూర్చోబెట్టాం. ధనుంజయ పానా తీసుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు లోపలే ఉన్నాడు. లేచేటప్పుడు టైరు పట్టుకుని లేచాడు.

"పెద్దాయన బిగింపు అయ్యేలోపు మిరప నారు పోసుకునేవాళ్ళు పోసుకుని రావచ్చు" అన్నాను మైకులో. జనం గొల్లుమన్నారు. వాడు చేతులు తుడుచుకుంటూ నా పక్కనే వచ్చి నిలబడ్డాడు.

కోటేశు ఆముదం తాగబోయే పిల్లవాడి ముఖంతో బండెక్కాడు. క్లచ్ తొక్కాడు. ఆగాడు. మళ్ళీ తొక్కి చూసి, తలెత్తి అన్న వైపు చూశాడు. అన్న అప్పుడే ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నాడు. ఎలీషా సారు ఈల ఊదాడు, బండి కదిలింది.

ఏం తోలాడని చెప్పను. నిలబడి, చొక్కా వెనక్కి ఎగురుతుండగా, ట్రక్కును ఈ డబ్బా దాకా పోనిచ్చి లాగాడు, ఆ డబ్బా దాకా పోనిచ్చి లాగాడు. ముందు వరస ముసలాళ్ళు ఈసారి లేవడం కూడా మరిచిపోయారు. గడిలో ట్రక్కు నిలబడేసరికి కల్లమంతా ఈలలు. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. లావు పిన్ను వేస్తే ట్రక్కు అలా ఆడదు. పోయి వంగి చూశాను. సన్న పిన్ను. క్లచ్ చేత్తో నొక్కి చూశాను. సగం దాకా ఉలకలేదు, పలకలేదు.

మైకు చేత్తో మూసి ధనుంజయ దగ్గరకు పోయాను.

"ఏందిరా ఇది? అచ్చం వాడి బిగింపే బిగించావు."

"లావు పిన్నేస్తే వాడి దూకుడికి పిన్ను తెగి ట్రక్కు జనం మీదకి పోయిద్ది. బండి దెబ్బ తినిద్ది. రేపు నాదయ్యే బండిని నేనే పాడుచేసుకుంటానా?"

మాట గట్టిగానే ఉంది గానీ వాడి చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్తే వాడి చెవులు ఎర్రబడడం చిన్నప్పట్నుంచీ ఉన్నదే.

తర్వాత చిన్నవాడి వంతు. ధనుంజయ టెంటులోకి పోయి అటు తిరిగి కూర్చున్నాడు. కోటేశు చకచకా పిన్ను మార్చాడు, లావుది వేశాడు. సీటు ముందుకు జరిపాడు. క్లచ్ రాడ్డు దగ్గర కూర్చుని పానా తిప్పుతున్నాడు, తిప్పుతూనే ఉన్నాడు.

"చాలు ఆపరా, ఇంక తొక్కే పనుండదు, ఊదితే సరిపోయిద్ది" అన్నాను.

వాడు నవ్వలేదు. లేచి, ట్రక్కులోంచి ఒక గోనె మడత తీశాడు. నాలుగు వైపులా పురికొసతో కుట్టి ఉంది. ఆ కుట్టు అప్పటికప్పుడు వేసింది కాదు. ఇంటి దగ్గరే కూర్చుని, ఓపిగ్గా కుట్టి తెచ్చింది. దాన్ని సీటు ఎడమ అంచున పెట్టి, కదలకుండా తాడుతో కట్టి, అరచేత్తో అదిమి చూశాడు. సరిగ్గా ఎడమ మోకాలి కింద ఆనే చోటు.

ధనుంజయ వచ్చి ఒక కాలు మెట్టు మీద పెట్టి గోనె మడతను చూశాడు. దాని మీద చెయ్యి పెట్టాడు. నా నాలుక చివర ఒక మాట సిద్ధంగానే ఉంది, పెద్దాయనకు సింహాసనం వేశారని. ఎందుకో అది పైకి రాలేదు. వాడు మెల్లగా ఎక్కి కూర్చుని, ఎడమ కాలు ఆ మడత మీద ఆనించి, ఎలీషా సారు వైపు తలూపాడు.

ఆ తోలకం గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. ఎప్పట్లాగే అక్కడేమీ జరుగుతున్నట్టు లేదు. ట్రక్కు ఆ వంకర దారిలో తనంతట తనే వెనక్కి నడిచిపోతున్నట్టుంది. కానీ ఈసారి ఎక్కడా ఆగలేదు. వంపుల దగ్గర వాడు ఎప్పుడూ ఒక్క క్షణం ఆగుతాడు, నేనది నెమ్మది అనుకునేవాణ్ణి. ఈసారి ఆ ఆగడం లేదు. ట్రక్కు గడిలో నిలబడ్డాక ఎలీషా సారు టైము చూసి, మళ్ళీ చూసి, నా దగ్గరకొచ్చి చెప్పాడు. పెద్దవాడిదే పైచేయి, అదీ రెప్పపాటు తేడాతో.

నేను మైకులో చెప్పబోయేలోపే ధనుంజయ బండి దిగి తమ్ముడి ముందు నిలబడ్డాడు.

"మోకాలి సంగతి నీకెవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలా. నీ క్లచ్ చెప్పింది."

"క్లచ్ చెప్పేదేంది?"

"నాన్న ఉన్నప్పుడు నీదీ నాదీ ఒకటే క్లచ్ గదన్నా. ఆయన పోయినాక ఏటికేడాదీ నీది కాస్త కాస్త పైకొస్తా ఉంది. నువ్వు దిగినప్పుడల్లా మార్చుకునేది నేనేగా. పానా ఎన్ని చుట్లు తిరిగిందో నా చేతికి తెలవదా?"

"మరి అన్నేళ్ళూ కాలింగ్ బెల్లని ఎక్కిరించావేంది?"

"అనకపోతే నాకు తెలుసని నీకు తెలిసిపోయిద్దిగా."

ధనుంజయ భుజం మీద తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, చెమటేనని మేం అనుకోవాలి కాబోలు. ఇన్నేళ్ళలో తిరునాళ్ల మధ్యలో నేను మైకు ఆపడం ఊరు మొదటిసారి చూసింది.

మా అక్క కుర్చీలోంచి లేచి వచ్చింది. ఆమె చెవుల ముందు పాము చెవులు కూడా చాలవు.

"మోకాలేంది? ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం లేదమా, కాస్త పట్టేసిద్ది."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే బండి దిగమంటారని" అన్నాడు వాడు, బడికి వెళ్ళనని మొండికేసే పిల్లవాడి గొంతుతో. అక్క వాణ్ణి కిందనుంచి పైదాకా చూసి, తల మీద ఒకటి మొట్టింది. అంత పెద్దవాణ్ణి, ఊరందరి ముందు.

ఎలీషా సారుకు మాత్రం పని పూర్తి కాలేదు. "ఇంతకీ బండి ఎవరిదమ్మా? జనం అడుగుతున్నారు" అన్నాడు.

"అన్నది" అన్నాడు కోటేశు.

"వాడిది" అన్నాడు ధనుంజయ. "ఈ మోకాలితో నాకెందుకు? తాళం వాడికే ఇస్తా."

"గెలిచింది నువ్వు."

"గెలిచేటట్టు బిగించింది నువ్వు."

"నువ్వు మాత్రం నాకు చెడబిగించావా ఏంది?"

నిన్నటిదాకా నాదంటే నాదన్నవాళ్ళు, ఇప్పుడు నీదంటే నీదని గొంతులు పెంచుకుంటున్నారు. ఇంకాసేపు ఆగితే చొక్కాలు పట్టుకునేటట్టే ఉన్నారు. మా అక్క చెయ్యి చాచింది. ధనుంజయ తాళం ఆమె చేతిలో పెట్టాడు.

"గెలిచినోడిది బండి అన్నా. పెద్దోడి గెలుపు చిన్నోడిదంట, చిన్నోడి తోలకం పెద్దోడి చలవంట. ఎవరికిచ్చేది?" అంటూ తాళం కొంగున ముడేసుకుంది. "నేను వాటా తీసుకోలా. ఇప్పుడు తీసుకుంటన్నా. బండి నాది. కావాల్సినోడు పొద్దున్నే వచ్చి, అమా ఇయ్యమ్మా అని అడుక్కుని తీసకపోండి."

అప్పుడు మళ్ళీ మైకు ఆన్ చేశాను. "ఈ ఏటి రివర్స్ పందెంలో గెలుపు ఆదిలక్ష్మమ్మది. ఆమె స్టీరింగ్ ముట్టుకోకుండానే ఇద్దర్నీ ఎనక్కి తెచ్చింది" అని చాటాను. మాచవరం కుర్రాడు కూడా చప్పట్లు కొట్టాడు, మంచివాడు.

ఇప్పుడు బండి మా అక్క వాకిట్లోనే ఉంటోంది. ధనుంజయను నరసరావుపేటలో డాక్టరుకు చూపించారు. మోకాలికి ఏవో కసరత్తులు చెప్పాడట, గోడ పట్టుకుని పొద్దునా సాయంత్రం చేస్తున్నాడు. బండి తెచ్చి నిలబెట్టిన ప్రతివాడూ దిగి, పానా తీసి రెండోవాడి పద్ధతికి బిగించి పోతున్నాడు. బాగానే ఉంది గానీ, రేపు బండి ఎవరికి పనో ఒకడినొకడు అడగడు. దాంతో ఇవాళ తోలినవాడికే రేపూ పని పడితే, ముందురోజు తను విప్పింది తనే మళ్ళీ బిగించుకోవాలి. తెల్లవారేసరికి అక్క వాకిట్లో ఎవడో ఒకడు బండి కింద పడుకుని రెండోవాణ్ణి తిడుతూనే ఉంటాడు.

మొన్న పొద్దున కాఫీకి అక్క ఇంటికి పోతే కోటేశు బండి కిందే ఉన్నాడు. ఆ ముందు రోజు ధనుంజయ ఏదో తొందర పనిమీద బిగింపు మార్చకుండానే దిగిపోయాడట. తిడతాడనుకుంటే వీడు నవ్వుతూ బయటికొచ్చాడు.

"మామా, అన్న క్లచ్ ఒక చుట్టు కిందికి దిగింది" అన్నాడు. "మోకాలికి నయమవతన్నట్టుంది."

"పక్క వీధేగదరా, పోయి ఎట్టా ఉందని అడగరాదూ?"

"అడిగేదేముంది మామా, క్లచ్ చెప్పిందిగా" అని, పానా తుడిచి సీటు కింద పెట్టాడు.